మధుమేహము - సాగరగర్భ విహారము

వైద్యుని యొద్దను, వకీలు నొద్దను నిజము దాచరాదని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ ఇద్దరి సరసన మూడవవాని నొకనిని చేర్చవలసిన కాలము వచ్చినది. అతడు మనలను చేయి పట్టుకొని సముద్రములోనికి దింపు శిక్షకుడు. వీపున గాలి సిలిండరు కట్టుకొని, నోట రబ్బరు తొడుగు కరచుకొని, పగడపు దిబ్బల నడుమ చేపలతోబాటు విహరించు స్కూబా క్రీడ ఒకప్పుడు మనకు చిత్రములలో చూచి ఆనందించునదిగా మాత్రమే ఉండెను. నేడు అండమానులోని స్వరాజ్ ద్వీపమునకు, లక్షదీవులకు, కర్ణాటక తీరమున మురుడేశ్వరము చెంతనున్న నేత్రాని దీవికి సెలవులలో పోవు సామాన్య కుటుంబములు సైతము దీనిని చవిచూచుచున్నవి. మన విశాఖపట్టణమున ఋషికొండ చెంత కూడ ఈ వసతి ఏర్పడినది.

మరి మన దేశమున మధుమేహ మెరుగని ఇల్లు అరుదగుచున్నది. భారత వైద్య పరిశోధనా మండలివారి పెద్ద పరిశీలన యొకటి 2023వ సంవత్సరమున ప్రకటితమైనది. దాని ప్రకారము దేశములో సుమారు 10 కోట్ల 10 లక్షలమంది మధుమేహులు గలరు. కావున దీవికి పోవు పడవలో షుగరు బిళ్ల మ్రింగువారో, ఇన్సులిన్ సూది వేసికొనువారో ఒకరిద్దరుండుట వింత గాదు. వారు సముద్రములో మునుగవచ్చునా? మునిగినచో ఏ జాగ్రత్తలు తీసికొనవలెను? ఈ ప్రశ్నలనుగూర్చి వైద్యులును, మునుగు విద్యలో నిపుణులును ఏండ్ల తరబడి వాదించి, పరిశీలించి, కొన్ని నియమముల నేర్పరచిరి. ఆ నియమములను, వాని వెనుకనున్న కారణములను శ్రోతలకు విన్నవించుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

ఈ కథలో రెండు ఆవిష్కరణములు కలిసినవి. కెనడా దేశమున టొరాంటో నగరములో బాంటింగు, బెస్టు అను పరిశోధకులు 1921వ సంవత్సరమున ఇన్సులిన్‌ను కనుగొనిరి. 1922 జనవరిలో మృత్యుముఖమున నున్న 14 ఏండ్ల బాలునకు దానిని సూదిమూలమున నెక్కించిరి, అతడు కోలుకొనెను. అంతకు పూర్వము బాల్యములో ఈ వ్యాధి వచ్చినచో తల్లిదండ్రులు ఆశ వదలుకొనవలసినదే. పిమ్మట 1943వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములో కూస్తో అను నౌకాదళాధికారియు, గాన్యాన్ అను ఇంజనీరును కలిసి ఒక కవాటమును రూపొందించిరి. మునిగినవాడు ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే, అతడున్న లోతునకు తగిన పీడనముతో, అది గాలి నందించును. మొదటి ఆవిష్కరణము మధుమేహికి ఆయువు నిచ్చినది. రెండవది మానవునకు జలచరముల లోకములోనికి దారి చూపినది. ఇన్సులిన్‌తో జీవించువాడు ఆ లోకమును చూడగోరిన దినమున ఈ రెంటికిని ముడి పడినది.

ముందుగా వ్యాధి స్వభావమును కొంత తెలిసికొందము. ఆరోగ్యవంతుని శరీరములో క్లోమము నిద్రపోని కాపలాదారు. భోజనము చేసినప్పుడు ఇన్సులిన్‌ను హెచ్చుగా విడుచును. వ్యాయామము చేసినప్పుడు తగ్గించును. రక్తములో చక్కెర మరీ తగ్గినచో కాలేయమున నిలువయున్న చక్కెరను బయటికి రప్పించును. సూదిమూలమున ఇన్సులిన్ తీసికొనువానికి ఈ వెసులుబాటు లేదు. ఒకసారి చర్మము క్రిందికి ఎక్కిన మందు తన పని తాను చేసికొని పోవును. అతడు కూర్చున్నను, ఈదినను, తిన్నను, తినకున్నను దానికి పట్టదు. గ్లిమెపిరైడు, గ్లిబెన్‌క్లమైడు వంటి బిళ్లలు సైతము క్లోమమును పురికొల్పి ఇన్సులిన్‌ను విడిపించునవే గనుక ఇట్టి చిక్కునే తెచ్చిపెట్టగలవు. మెట్‌ఫార్మిన్ ఒక్కదానినే వాడువారికి, పథ్యముతోడనే వ్యాధిని అదుపులో నుంచుకొన్నవారికి ఈ భయము చాల తక్కువ.

చక్కెర పడిపోయినప్పుడు ఏమగునో మధుమేహులున్న ఇండ్లలో అందరును ఎరుగుదురు. చెమట పట్టును, చేతులు వణకును, గుండె దడదడలాడును, ఆకలి వేయును. అప్పటికిని ఏమియు తీసికొననిచో మాట తడబడును, మతి తప్పును, తుదకు స్పృహ పోవును. ఇంటిలోనైనచో ఇల్లాలు ముఖము చూచియే గ్రహించి, గ్లాసెడు పంచదార నీళ్లిచ్చి కూర్చుండబెట్టును. పది పదునైదు నిమిషములలో మనిషి తేరుకొనును.

ఇదియే నీటి అడుగున జరిగినదనుకొనుడు. చుట్టును నీరే గనుక పట్టిన చెమట తెలియదు. వణకు వచ్చినచో అది చలివలన నని తోచును. ఏలయన నీరు శరీరములోని వేడిమిని గాలికంటె అనేక రెట్లు వేగముగా లాగికొనును. గుండె దడ యన్నచో తొలిసారి దిగిన ఉత్సాహమని సరిపెట్టుకొందురు. 30 మీటర్ల లోతున పీడనమువలన నత్రజని మత్తు కలిగించుట కద్దు. కావున మతి తప్పినను అది చక్కెరవలననో, నత్రజనివలననో తెలియదు. నోట గొట్టమున్నది గనుక ఎవరితోను చెప్పుకొన వీలులేదు. ఇంతలో స్పృహ తప్పెనా, ఊపిరి గొట్టము నోటినుండి జారిపోవును. అటుపిమ్మట ప్రాణము తీయునది చక్కెర గాదు, నీరు.

పోనీ, ఒంట్లో తేడా తెలిసిన తక్షణమే పైకి దూకివచ్చెదమన్నను కుదరదు. సముద్రములో ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాయుగోళపు పీడనము హెచ్చుచుండును. 30 మీటర్ల అడుగున మనము పీల్చు గాలి ఉపరితలముననున్న దానికి నాలుగు రెట్లు చిక్కగా నుండును. గబాలున పైకి వచ్చినచో ఊపిరితిత్తులలోని గాలి ఉబ్బి వానిని చీల్చగలదు. రక్తములో కరగియున్న నత్రజని బుడగలుగా మారి కీళ్లను, వెన్నుపామును దెబ్బతీయగలదు. అందుచేత నిమిషమునకు సుమారు 9 మీటర్లకు మించని వేగముతో నెమ్మదిగా పైకి రావలెనని నియమము. 18 మీటర్ల లోతునుండి వచ్చుటకు రెండు నిమిషములు పట్టును. చక్కెర పడిపోవుచున్నవానికి ఆ రెండు నిమిషములు మిక్కిలి విలువైనవి.

ఇంతటి ప్రమాదమున్నది గనుకనే అనేక దేశములలో మధుమేహులను, ముఖ్యముగా ఇన్సులిన్ తీసికొనువారిని, మునుగనీయకుండిరి. ఇంగ్లండులో 1953వ సంవత్సరమున స్థాపితమైన బ్రిటిషు సబ్-ఆక్వా క్లబ్బు తొలుత వారిని అనుమతించుచుండి, 1975లో నిషేధించెను. అయినను నిషేధమువలన ఒక చెడుగు పుట్టెను. మునుగవలెనను కోరిక గాఢముగా నున్నవారు మానుకొనక, తమ వ్యాధిని దాచి మునుగసాగిరి. చెప్పి మునిగినవానికి నియమములు విధింపవచ్చును. పక్కనున్నవారు కనిపెట్టి యుండవచ్చును. దాచి మునిగినవానిని కాపాడు ఉపాయమేమున్నది? ఆ క్లబ్బువారే 1991లో, ఏటేట వైద్యపరీక్ష జరుగవలెనను నిబంధనతో, వ్యాధి చక్కని అదుపులోనున్నవారికి మరల తలుపు తెరచిరి.

పిమ్మట అమెరికాలో డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అను సంస్థకు చెందిన పరిశోధకులు ఊహలను విడిచి లెక్కలను చేపట్టిరి. వారి పరిశీలన ఫలితములు 2004వ సంవత్సరమున వెలువడినవి. ఇన్సులిన్ తీసికొను 40 మందిని, మధుమేహము లేని 43 మందిని ఎన్నుకొని, వారి రక్తములోని చక్కెరను మునుగుటకు ముందును, పిదపను పరీక్షించిరి. మొదటి బృందము 555 మునకలు, రెండవ బృందము 504 మునకలు వేసెను. నీటినుండి వెలుపలికి వచ్చునప్పటికి చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకంటె తక్కువకు పడిపోయిన సందర్భములు మొదటి బృందములో 37, రెండవ బృందములో 6. అనగా తగ్గుదల నిజమే. ఐనను నీటిలో నుండగా గాని, బయటికి వచ్చిన వెంటనే గాని చక్కెర తగ్గుటవలన ఆపద కలిగినవా డొక్కడును లేడు. వీరందరును అనుభవజ్ఞులనియు, వ్యాధిని ఒక మోస్తరు అదుపులో నుంచుకొన్నవారనియు, ప్రశాంతమైన సాధారణ జలములలోనే మునిగిరనియు మరువరాదు. ఈ పరిశీలన ధైర్యము నిచ్చినది. అందరికిని అనుమతిపత్రము మాత్రము వ్రాసి ఇయ్యలేదు.

దీని నాధారముగా గొని 2005వ సంవత్సరమున అమెరికాలో నిపుణుల సభ యొకటి జరిగెను. వినోదార్థము మునుగు మధుమేహుల కొరకు ఆ సభ కూర్చిన నియమావళియే నేటికిని పెక్కుచోట్ల దారిదీపముగా నున్నది. నౌకాదళములలోను, సముద్రగర్భమున పనిచేయు వృత్తులలోను నియమములు వేరు. వానినిగూర్చి మేమిచట ముచ్చటించుట లేదు.

మొదట ఎవరు మునుగవచ్చునన్నది. వయస్సు 18 ఏండ్లు నిండవలెను. ప్రత్యేక శిక్షణ యున్నచోట 16 ఏండ్లవారిని అనుమతింతురు. చక్కెరను తగ్గించు బిళ్లలు క్రొత్తగా మొదలుపెట్టినవారు మూడు నెలలు, ఇన్సులిన్ మొదలుపెట్టినవారు ఒక సంవత్సరము ఆగవలెను. గడచిన ఏడాదిలో చక్కెర పడిపోయియో, పెరిగిపోయియో ఇతరుల సాయముతో కోలుకొనవలసిన స్థితి ఒక్కసారియైన వచ్చియుండరాదు. కొందరికి చాలకాలము వ్యాధి ముదిరిన పిమ్మట చక్కెర పడిపోవుచున్నను చెమట, వణకు వంటి హెచ్చరికలు కలుగవు. అట్టివారు నీటి జోలికి పోనేరాదు. రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలుపు హెచ్‌బిఎ1సి పరీక్షలో 9 శాతమునకు మించరాదు. కంటి వెనుక పొర, మూత్రపిండములు, నరములు, రక్తనాళములు వ్యాధివలన చెప్పుకోదగినంత చెడియుండరాదు. నలుబది దాటినవారికి గుండె పరీక్ష మరింత ముఖ్యము. ఏలయన మధుమేహులకు గుండెజబ్బు నొప్పి తెలియనీయకుండ వచ్చుట కలదు. ఈ పరీక్షలన్నియు ఏటేట జరుగవలెను.

పిదప ఎట్టి మునక వేయవచ్చునన్నది. 30 మీటర్లకు మించిన లోతు వద్దు. గంటకు మించిన కాలము వద్దు. పైకి వచ్చు దారిలో అక్కడక్కడ తప్పనిసరిగా ఆగవలసినంత సుదీర్ఘమైన మునకలు వద్దు. మునిగిన ఓడల లోపలికిని, గుహలలోనికిని పోవద్దు. ఏలయన అవసరము కలిగినప్పుడు తిన్నగా పైకి వచ్చుటకు తలమీద అడ్డు ఉండరాదు. మిక్కిలి చల్లని నీరు, ఎదురీదవలసిన బలమైన ప్రవాహము కూడ వద్దు. ఆ రెండును శరీరములోని చక్కెరను త్వరగా ఖర్చుచేయించును. సాధారణముగా తొలిసారి దిగువారిని శిక్షకులు 12 మీటర్లకు మించి తీసికొనిపోరు. అయినను పై చెప్పిన ప్రమాదము పది మీటర్లలోను ఉన్నది, ఐదు మీటర్లలోను ఉన్నది.

ఇక మునుగు దినమున చేయవలసినది. ఇదియే నియమావళికి ప్రాణము. నీటిలో దిగుటకు గంట ముందు ఒకసారి, అరగంట ముందు ఒకసారి, దిగబోవు క్షణమున ఒకసారి, మొత్తము మూడుమార్లు గ్లూకోమీటరుతో చక్కెరను పరీక్షింపవలెను. అది 150 మిల్లీగ్రాములకు తక్కువ కాకుండ ఉండుటతోబాటు నిలకడగానో, పెరుగుచునో ఉండవలెను. మూడుమార్లేల యని అడుగవచ్చును. ఒక అంకె మనమెక్కడ నున్నామో చెప్పును గాని, ఎటు పోవుచున్నామో చెప్పదు. ఒకరికి వరుసగా 155, 160, 166 వచ్చినవి; మరియొకరికి 210, 185, 160 వచ్చినవి అనుకొందము. చివరి అంకెను మాత్రమే చూచినచో ఇద్దరును ఇంచుమించు సమానులే. కాని మొదటివాడు దిగవచ్చును, రెండవవాడు దిగరాదు. అతని చక్కెర దిగజారుచున్నది. నీటిలోనున్న ముప్పావుగంటలో అది ఎచట ఆగునో ఎవరును చెప్పలేరు. అతడు కొలిచినంత గ్లూకోజు తీసికొని, వేచి, మరల పరీక్షించుకొనవలెను. చక్కెర 300 దాటినను ఆనాడు ఆగవలసినదే. అంతటి చక్కెర శరీరములోని నీటిని మూత్రరూపమున లాగివేయును. నీటిలో మునుగుటవలననే మూత్రము హెచ్చు గనుక రెండును కలిసినచో ఒడలు ఎండిపోవును. అందుకే ఆ దినమున మంచినీరు పుష్కలముగా త్రాగుచుండవలెను.

పుస్తకములలో సులువుగా కనబడు నియమము పడవమీద కష్టమగును. మనవారు తెల్లవారుజామున పడవ ఎక్కవలెనని తొందరలో బిళ్ల వేసికొందురు, ఫలహారము మానుదురు. కొందరు పడవలో వాంతి యగునను భయమున ఖాళీకడుపుతో ఎక్కుదురు. మరికొందరు తిని, సూది వేసికొని, ఎక్కిన పిమ్మట అలల ఊపునకు తిన్నదంతయు కక్కుకొందురు. ఏ విధముగ చూచినను మందు లోపల నున్నది, అన్నము లేదు. అట్టి దినమున మునక మానవలసినదే. అందులో చర్చకు తావులేదు. ఉప్పునీటి తడియో, తీపి పదార్థము జిగురో వ్రేళ్లకంటినచో గ్లూకోమీటరు తప్పు చూపును. మంచినీట కడిగి, తుడిచి ఆరిన వ్రేలినే పొడుచుకొనవలెను. పరీక్ష పట్టీలను, ఇన్సులిన్ బుడ్డిని ఎండలో కాగు పడవ బల్లమీద పెట్టరాదు. మందు మోతాదును ముందురాత్రి నుండి ఎంత మార్చుకొనవలెనో స్వయముగ నిర్ణయింపక తమ వైద్యునే అడుగవలెను.

ఒంటికి తగిలించుకొను ఇన్సులిన్ పంపులు నేడు మన దేశములోను వాడుకలోనికి వచ్చినవి. అవి స్కూబా లోతులలోని పీడనమునకు నిర్మింపబడినవి కావు. కావున దిగుటకు ముందు విప్పి పడవమీద భద్రపరుపవలెను. విప్పినంతకాలము ఇన్సులిన్ అందదు గనుక దాని లెక్కను కూడ వైద్యునితో ముందే మాటాడుకొనవలెను. చేతికి అంటించుకొను చక్కెర పట్టీలు ఈతకును, స్నానమునకును పనికివచ్చును గాని అధికపీడనమున వానిని నమ్ముకొని యుండరాదు.

మునుగువాడు ఒంటరిగా పోరాదన్నది అందరికిని వర్తించు నియమము. మధుమేహికి తోడుపోవువానికి మధుమేహము ఉండరాదని మరియొక నియమమున్నది. ఇద్దరికిని ఒకే సమయమున చక్కెర పడిపోయినచో ఎవరు ఎవరిని పట్టుకొందురు? ఆ తోడివానికిని, శిక్షకునకును వ్యాధి సంగతి, దాని లక్షణములు, చేయవలసిన చికిత్స ముందే తెలిసియుండవలెను. నీటి అడుగున మాటలు చేతివ్రేళ్లే. మన వాడుకలో బొటనవ్రేలు పైకెత్తిచూపిన 'భేష్' అని అర్థము. నీటిలో దానికి 'పైకి పోవుదము' అని అర్థము. బొటనవ్రేలిని, చూపుడువ్రేలిని ఇంగ్లీషు 'ఎల్' అక్షరమువలె విప్పి చూపినచో 'నాకు చక్కెర తగ్గుచున్నది' అని మధుమేహులు కొందరు సంజ్ఞ ఏర్పరచుకొనిరి. ఈ సంజ్ఞ చూపుటకు నిశ్చయముగా తెలియువరకు ఆగనక్కరలేదు, అనుమానము చాలును.

సంజ్ఞ చూపిన వెంటనే ఇద్దరును కలిసి నెమ్మదిగా పైకి రావలెను. ఉపరితలమున గాలిచొక్కాను ఉబ్బించి తేలియుండి, జేబులోనున్న గ్లూకోజు జెల్లును తినవలెను. ఈ జెల్లు టూత్‌పేస్టు గొట్టము వంటి దానిలో లభించును. దానిని ప్రతి మునకలోను వెంట ఉంచుకొనవలెను. పిదప నీటిని విడిచి పడవ ఎక్కవలెను, ఆనాటికి చాలింపవలెను. స్పృహ తప్పినవాని నోట తీపి నీరు పోయరాదు, అది ఊపిరితిత్తులలోనికి పోవును. అట్టి సమయమునకై గ్లూకగాన్ అను సూదిమందును, దానిని వేయనేర్చిన మనిషిని పడవమీద సిద్ధముగ నుంచవలెనని నియమావళి చెప్పుచున్నది.

ఇంకొక చిక్కు కలదు. నీటినుండి వచ్చినవాడు తూలుచు, మతిమాలిన మాటలాడుచున్నచో కారణము చక్కెరయా, లేక నత్రజని బుడగలా? రెండును ఒకదాని నొకటి పోలియుండును. వ్యాధి సంగతి తెలిసియున్నచో ఒక్క రక్తపు చుక్కతో చక్కెర సంగతి తేలును. తెలియనిచో విలువైన కాలము వృథాయగును. చక్కెరను సరిదిద్దినను మనిషి తేరుకొననిచో ప్రాణవాయువు పట్టించుచు వెంటనే తగిన ఆసుపత్రికి చేర్పవలెను.

మునక ముగిసినంత మాత్రమున జాగ్రత్త ముగియదు. శ్రమపడిన కండరములు తమ నిలువను తిరిగి నింపుకొనుటకు రక్తములోని చక్కెరను గంటల తరబడి తీసికొనుచుండును. కావున 12 నుండి 15 గంటలవరకు అప్పుడప్పుడు పరీక్షించుకొనుచుండవలెను; పడుకొనుటకు ముందు పరీక్ష మానరాదు. ప్రతి మునకకు లోతును, కాలమును, చక్కెర అంకెలను ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. పది మునకలైన పిమ్మట తన శరీరము నీటిలో ఎట్లు నడచుకొనునో ఆ పుస్తకమే చెప్పును. పాదములను కూడ పరికింపవలెను. ఈతకు తొడుగుకొను రెక్కచెప్పులు ఒరసికొన్నను, పగడము గీసికొన్నను మధుమేహికి ఆ గాయము త్వరగా మానదు.

ఇక మేము ముఖ్యముగ చెప్పదలచినది. గుంటూరినుండి ఒక కుటుంబము అండమానునకు పోయినదని ఊహింతము. తండ్రికి 52 ఏండ్లు. పొద్దుట గ్లిమెపిరైడు బిళ్ల వేసికొనెను. తొందరలో ఒక ఇడ్డెన మాత్రమే తినెను. ఒడ్డున శిక్షకుడు ఒక పత్రము చేతికిచ్చెను. అందులో మధుమేహమున్నదా యని ఒక ప్రశ్న. ఎదుట 'ఔను', 'కాదు' అని రెండు గడులు. 'ఔను' అన్నచో వైద్యుని సంతకము కావలెను. ఆ దీవిలో ఆ వేళకు తన వైద్యుడెక్కడ? డబ్బు చెల్లించినారు. కుమార్తె అప్పుడే సిద్ధమై నిలిచియున్నది. కుమారుడు చెవిలో, "పది నిమిషముల పనియే గదా, నాన్నగారూ! కాదని వ్రాయండి" అనెను. ఆయన 'కాదు' అని వ్రాసెను.

ఆయన అబద్ధములాడువాడు కాడు. పిల్లల సంబరమును చెడగొట్టుటకు మనసొప్పని తండ్రి. కాని ఆ ఒక్క గుర్తుతో ఇంతవరకు చెప్పిన ఏర్పాట్లన్నియు రద్దయినవి. మూడు పరీక్షలు లేవు. జేబులో జెల్లు లేదు. సంజ్ఞ నేర్పినవాడు లేడు. ఎనిమిది మీటర్ల లోతున ఆయన చేయి వణకును; శిక్షకుడు చలియనుకొనును. 'బాగున్నారా' యని సంజ్ఞ చేయును. ఆయన మందగించిన తెలివితో, నేర్చిన అలవాటుకొద్ది 'బాగున్నాను' అని తిరిగి సంజ్ఞ చేయును. ఆ పిమ్మట ఏమగునో మేము చెప్పనక్కరలేదు. ఆ శిక్షకుడు అసమర్థుడు గాడు. అతనికి తెలిసియుండిన ఆయనను కాపాడగలిగెడివాడు.

కావున ఈ నిర్ణయము పడవమీద జరుగరాదు, ఒడ్డున జరుగరాదు. ప్రయాణమునకు కొన్ని వారముల ముందు ఇంటిలో జరుగవలెను. టిక్కెట్లు కొనునాడే ఆ పత్రమును తెప్పించుకొని, మందుల చీటితోను, పరీక్ష ఫలితములతోను తమ వైద్యుని కలియవలెను. మునుగు విద్యను ఎరిగిన వైద్యుడు దొరికిన మరియు మంచిది. రక్తపోటునకు, గుండెకు వాడు కొన్ని మందులు చక్కెర తగ్గినప్పటి దడను, వణకును కప్పిపుచ్చును. కావున అన్ని మందులను చూపవలెను. ఆయన సమ్మతించినచో సంతకము చేసిన పత్రము చేతనుండును. దాచవలసిన అగత్యము ఉండదు. సమ్మతింపనిచో పిల్లలకు ఇంటివద్దనే చెప్పవచ్చును; ఒడ్డున పదిమంది యెదుట చిన్నబోవ నక్కరలేదు. అండమానులో అడుగున అద్దము బిగించిన పడవలున్నవి. వానిలో కూర్చుండి పగడములను, చేపలను చూచుట కూడ చూపే. అందులో చిన్నతన మేమియు లేదు.

ఇండ్లలో మధుమేహులున్నవారికి మా మనవి యొకటి. వ్యాధి ఉన్నదని ఒకరిని అన్ని సంతోషములకును దూరము చేయవద్దు. ఇన్సులిన్‌తో జీవించుచు ఏండ్ల తరబడి క్షేమముగ సముద్రమున విహరించినవారు గలరు. అట్లే, సరదా కొరకు వారిచేత 'కాదు' అని వ్రాయింపవద్దు. దిగినగాని లోతు తెలియదని సామెత. మధుమేహి మాత్రము తన లోతును ముందు తెలిసికొని, తోడివారికి తెలిపి, ఆ పిమ్మటనే దిగవలెను.